తుపాకీ తర్వాత కొనండి: అమెరికాలో తొలి జింకల వేటకు సామగ్రి ఎంచుకోవడం ఎలా

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో క్రీడాసామగ్రి దుకాణాల ముందు వరుసలన్నీ ఆకులూ కొమ్మలూ అచ్చేసిన బట్టలతో నిండిపోతాయి. ఆఫీసులో పక్క సీటాయన ‘ఈసారి నువ్వూ రా’ అని పిలిచి ఉంటాడు. మీరు ఒక శనివారం ఆ దుకాణానికి వెళ్లి, తుపాకుల బల్ల ముందు నిలబడి, ‘జింకల వేటకు ఏది మంచిది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే అవతలి మనిషికి చాలా తెలియాలి. ఏ రాష్ట్రం, ఎవరి భూమి, ఏ నెల, కూర్చుని వేటా నడుస్తూ వేటా, మీ చేతుల పొడవెంత, కళ్లద్దాలున్నాయా, మీ వీసా ఏమిటి. ఇవేవీ అడగకుండానే అతడు ఒక రైఫిల్ తీసి మీ చేతిలో పెడతాడు, ఎందుకంటే అమ్మడం అతడి పని. ఈ వ్యాసం ఆ దుకాణానికి వెళ్లే ముందు చదువుకోవడానికి. ఇందులో తుపాకీ ఆరో మెట్టులో వస్తుంది. కావాలనే అక్కడ పెట్టాను.

ఇది అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం రాస్తున్నది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం జైలుకు పంపే నేరం. కాబట్టి ఇక్కడి సలహాలేవీ నల్లమలకో ఆదిలాబాదు అడవులకో అన్వయించుకోవద్దు. అమెరికాలో పద్ధతి వేరు. రాష్ట్ర ప్రభుత్వమే సీజను నిర్ణయించి, ఒక్కొక్కరు ఎన్ని జింకలు తీయవచ్చో చెప్పి, లైసెన్సు అమ్ముతుంది. ఆ లైసెన్సుల సొమ్ము, 1937లో వచ్చిన చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను కలిసి అక్కడి వన్యప్రాణి శాఖలకు పెద్ద ఆధారం.

1. మొదట కాగితాలు

హెచ్1బి, హెచ్4, ఎఫ్1, బి2 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకు అక్కరకు వచ్చేది ఒక్కటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అందుకే లైసెన్సు ముందు, తుపాకీ తరువాత. ఈ వరుస తప్పితే దేశంలో ఉండే హక్కుకే ఎసరు వస్తుంది. స్నేహితుడి రైఫిల్ అరువు తెచ్చుకున్నా, షూటింగ్ రేంజిలో కాసేపు పట్టుకున్నా ఇదే లెక్క. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు.

గడువు సంగతి చాలామంది మరిచిపోతారు. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, కానీ అల్మారాలో రైఫిల్ సెప్టెంబరు 1న కూడా అక్కడే ఉంటుంది. ఆ రాష్ట్రంలో కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు 15 నుంచే అమ్ముతారు గనుక ఆ రెండు వారాల్లోనే తీసేసుకోండి. వేటకు వెళ్లే ఉద్దేశం ఆ ఏడాది లేకపోయినా సరే, ఇంట్లో తుపాకీ ఉంటే లైసెన్సు ఉండి తీరాలి.

వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. నాన్నగారికి సరదాగా ఉంటుందని రేంజికి తీసుకెళ్లి చేతికి రైఫిల్ ఇస్తుంటారు కొందరు. బి2 మీద వచ్చిన మనిషి తుపాకీ పట్టుకుంటే చట్టం దాన్ని సరదా కింద చూడదు. ఫొటో కోసం కూడా వద్దు. మీ పరిస్థితిలో ఏదైనా మెలిక ఉంటే ఇమ్మిగ్రేషన్ వకీలుకు ఒక గంట రుసుము కట్టి అడగండి. ఈ వ్యాసంలో వచ్చే చాలా వస్తువులకన్నా అది చవక.

ఆ తర్వాత హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు, విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లకు ఇది తప్పనిసరి. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. అయినా వీలుంటే గదిలో చెప్పే తరగతికే వెళ్లమంటాను. చిన్నప్పటి నుంచి తుపాకీ ముట్టని మనలాంటివాళ్లకు గొట్టం ఎటు తిరుగుతోందో గమనించి పక్కనుంచి కసిరే మనిషి ఒకరు కావాలి. తెర మీది పాఠం కసరదు.

2. చోటు, నెల, పద్ధతి

మూడు మాటలు కాగితం మీద రాయండి: ఎక్కడ, ఎప్పుడు, కూర్చునా నడిచా. సామగ్రి జాబితా వీటిలోంచే పుడుతుంది.

టెక్సస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటుది. అందుకే అక్కడ వేట అంటే ఎక్కువగా ఎవరిదో రాంచ్‌లో, మొక్కజొన్న గింజలు చల్లే ఫీడరుకు ఎదురుగా, నాలుగు గోడల మాటులో కూర్చోవడం. దూరం వంద గజాల చుట్టూ. నవంబరులో తెల్లవారుజామున స్వెట్టరు కావాలి, మధ్యాహ్నం చొక్కా చేతులు మడవాలి. అదే విస్కాన్సిన్‌లో తొమ్మిది రోజుల తుపాకీ సీజను థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలవుతుంది. మంచు కురుస్తుండగా గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకు వెళ్తే కూర్చోవడం తక్కువ, పల్చటి గాలిలో ఎత్తులు ఎక్కడం ఎక్కువ. ఒకే ‘వేట జాకెట్’ ఈ మూడు చోట్లా పనికొస్తుందని ఎవరైనా చెబితే ఆ మనిషి దగ్గర ఇంకేమీ కొనకండి.

ఏ ఆయుధం వాడవచ్చో కూడా చోటే చెబుతుంది. న్యూజెర్సీలో జింకల వేటకు మామూలు రైఫిల్ చెల్లదు. షాట్‌గన్, మందు దట్టించే మజిల్‌లోడర్, విల్లు మాత్రమే. ఎడిసన్‌లో ఉండి టెక్సస్ స్నేహితుడి సలహా మీద రైఫిల్ కొంటే అది ఇంటి దగ్గర సీజనులో అలంకారమే. ఒహాయోలో మెడ సన్నబడకుండా నేరుగా ఉండే తూటాల రైఫిళ్లకే అనుమతి. పెన్సిల్వేనియాలో జింకల మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడకూడదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. మీ రాష్ట్ర శాఖ ఏటా విడుదల చేసే నియమాల పుస్తకం ఉచితం. నియమాలు ఏటేటా మారతాయి గనుక ఆ ఏటిదే చదవండి.

3. బూట్లు

డబ్బు మొదట ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. పాదాలు చల్లబడినా, బొబ్బలెక్కినా ఎంత ఖరీదైన రైఫిలూ ఆ ఉదయాన్ని కాపాడలేదు.

సాయంత్రం పూట దుకాణానికి వెళ్లండి, పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి. మందపాటి ఊలు సాక్సులు ఇంటి నుంచే తీసుకెళ్లి వాటి మీద తొడిగి చూడండి. మామూలు కొలతకన్నా అర సైజు పెద్దది కావాల్సి రావచ్చు. బిగుతైన బూటు వెచ్చగా ఉండదు. వేళ్లు కదిలే చోటు లేకపోతే రక్తం ఆడదు, అంతే. లోపలి దూది లాంటి పొరను గ్రాముల్లో చెబుతారు. నడుస్తూ వేటాడేవాళ్లకు 0 నుంచి 400 గ్రాములు, చలిలో కూర్చునేవాళ్లకు 800 నుంచి 1200. టెక్సస్‌లో 1200 గ్రాముల బూట్లు వేసుకుంటే పావుగంటలో కాళ్లు చెమట పడతాయి, తడిసిన కాళ్లు సాయంత్రానికి గడ్డకడతాయి. అక్కడ ఎండ రోజుల్లో పాములు కూడా తిరుగుతుంటాయి గనుక మోకాలి దాకా వచ్చే, పాము కాటు దిగని బూట్లే మేలు. కొన్న బూట్లు సీజనుకు నెల ముందు నుంచి కూరగాయల కొట్టుకూ పిల్లల పార్కుకూ వేసుకు తిరగండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

4. బట్టలు

ఆకుల బొమ్మల మీద పెట్టే ఖర్చులో చాలా భాగం మనుషులు ఒకరికొకరు చూపించుకోవడానికే. జింక చూపు మన చూపులా ఉండదు. దాని కంటికి ఎరుపు, నారింజ రంగులు వేరుగా తెలియవు. నీలం మాత్రం మనకన్నా బాగా తెలుస్తుంది. అతినీలలోహిత కాంతిని ఆపే గుణం మన కంటి కటకానికి ఉంది, జింకకు లేదు. దీన్నుంచి రెండు పనికొచ్చే సంగతులు బయటపడతాయి. ఒకటి, నీలం జీన్స్ వేసుకుని అడవిలో కూర్చోకూడదు. రెండు, బట్టలు మెరవడానికి ‘బ్రైట్‌నర్లు’ కలిపిన మామూలు డిటర్జెంటుతో ఉతికితే ఎంత ఖరీదైన ఆకుల చొక్కా అయినా జింక కంటికి నీలంగా వెలుగుతుంది. అవి లేని సబ్బు పొడి కొని ఉతకండి. పాత గోధుమరంగు, బూడిదరంగు బట్టలుంటే తొలి ఏడాదికి అవే చాలు. కదలకుండా ఉంటే జింక మిమ్మల్ని చెట్టు మోడు కింద జమకడుతుంది. కదిలితే ఏ ఆకుల బొమ్మా దాచదు.

మెరిసే నారింజ రంగు బట్ట వేసుకునేది జింక కోసం కాదు, తోటి వేటగాళ్ల కోసం. తుపాకీ సీజనులో చాలా రాష్ట్రాలు దీన్ని చట్టంగా పెట్టాయి. పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజనులో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు ఉండాలి. కొలరాడోలో నడుము పైన 500, దానికి తోడు టోపీ. విస్కాన్సిన్‌లో నడుము పైన వేసుకున్న పై బట్టలో సగమైనా ఉండాలి. అక్కడ 2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద ఈ నియమం లేదు, ప్రభుత్వ వేట భూముల్లో ఉంది. నియమం లేనిచోట కూడా వేసుకోండి. ఒక నారింజ చొక్కా, ఒక టోపీ కలిపి ఇద్దరి భోజనం ఖర్చు కూడా కాదు.

ఇక చలి. నూలు బట్ట మనకు ప్రాణం, కానీ చలిలో అది శత్రువు. చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుని ఆరదు. ఒంటికి ఆనుకునే పొర మెరినో ఊలు గానీ పాలిస్టర్ గానీ కావాలి. దాని మీద వేడిని పట్టే ఫ్లీస్, ఆ పైన గాలినీ వాననూ ఆపే జాకెట్. ఈ మూడు పొరల సంగతి అందరూ చెబుతారు. ఎప్పుడు వేసుకోవాలో మాత్రం చెప్పరు. మాటు దాకా నడిచేటప్పుడు మందపాటి జాకెట్ వీపున సంచిలో ఉండాలి. నడుస్తుంటే కొంచెం చలిగా అనిపించాలి. వెళ్లి కూర్చుని, ఊపిరి కుదుటపడి, చెమట ఆరాక అప్పుడు వేసుకోవాలి. కారు దిగగానే అన్నీ తొడుక్కుని నడిచే మనిషి తెల్లవారేసరికి వణుకుతూ ఉంటాడు. చేతులకు మందపాటి గ్లోవ్స్ కన్నా పల్చటి గ్లోవ్స్, జేబులో రసాయనంతో వేడెక్కే చిన్న పొట్లాలు మేలు. ట్రిగ్గరు వేలికి తెలియాలి.

జాకెట్ పొరల వేటలో పడి వాసనను మరవకండి. జింకకు ముక్కే కాపలా. వాసన రాకుండా చేస్తామనే స్ప్రేలూ కర్బనం పొరల బట్టలూ చాలా అమ్ముతారు, వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గాలి మీ వైపు నుంచి జింక వైపు వీస్తుంటే ఏ స్ప్రే ఆపదు. చిన్న ప్లాస్టిక్ సీసాలో టాల్కం పౌడర్ నింపుకుని, అప్పుడప్పుడు కొంచెం వదిలి గాలివాటం చూసుకోండి. అదే అసలు సాధనం. అయితే మన ఇళ్లకు సంబంధించిన ఒక జాగ్రత్త ఉంది. వేట జాకెట్‌ను వంటింటి పక్క కొక్కేనికి తగిలిస్తే ఇంగువ తాలింపూ అగరొత్తులూ ఒక్క వారంలో పట్టేస్తాయి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి గరాజులో ఉంచండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లేవాళ్లకు చలికన్నా పిడుదులు పెద్ద సమస్య. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ అడవుల్లో అవి లైమ్ వ్యాధిని మోసుకొస్తాయి. 0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రే బట్టల మీదా బూట్ల మీదా కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఒంటి మీద కొట్టకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే తడి ఆరేదాకా దాన్ని దగ్గరకు రానివ్వకండి, అది పిల్లులకు విషం.

5. బైనాక్యులర్స్

వేటలో ఎక్కువ సమయం చూడటంలోనే గడుస్తుంది. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. జింకలు తిరిగేది కూడా ఆ మసక వెలుతురులోనే. అందుకే దూరాన్ని ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందన్న దానికన్నా ఎంత వెలుగు లోపలికి తెస్తుందన్నది ముఖ్యం. లెక్క సులువు: అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగించండి. 8x42 (8 రెట్లు, 42 మిల్లీమీటర్ల అద్దం) అయితే 5.25 మిల్లీమీటర్ల వెలుగు కంటికి చేరుతుంది, 10x42 అయితే 4.2, చిన్న 10x32 అయితే 3.2. తూర్పు రాష్ట్రాల అడవుల్లోనూ టెక్సస్ పొదల్లోనూ 8x42 తీసుకోండి. చేయి వణికినా బొమ్మ నిలకడగా ఉంటుంది. కొలరాడో లాంటి బయలు కొండల్లో 10x42. కళ్లద్దాలున్నవాళ్లు ‘ఐ రిలీఫ్’ (బొమ్మ నిండుగా కనిపిస్తూ కన్ను అద్దానికి ఎంత దూరం ఉండవచ్చో ఆ కొలత) 15 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉన్నదే చూడాలి, లేకపోతే చుట్టూ నల్లటి వలయం మాత్రమే కనిపిస్తుంది. 200 నుంచి 300 డాలర్లలో పనికొచ్చేది దొరుకుతుంది.

రైఫిల్ స్కోపును, అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణిని, బైనాక్యులర్‌లా వాడి అటూ ఇటూ చూడటం మహా తప్పు. అవతల ఉన్నది మనిషైతే మీరు మనిషి మీదకు తుపాకీ గురిపెట్టినట్టే.

6. ఇప్పుడు ఆయుధం

తొలి ఏడాది వీలైతే అరువు తెచ్చుకోండి. వేటకు పిలిచిన మనిషి దగ్గర అదనపు రైఫిల్ తప్పక ఉంటుంది. అయినా కొనాలనుకుంటే, ఏ తూటా అన్న వాదన కన్నా ముందు ఒంటికి కుదురుతుందా లేదా చూడండి. తుపాకీ కూడా కళ్లద్దాల లాంటిదే, ఒకరిది ఇంకొకరికి కుదరదు.

ట్రిగ్గరు నుంచి తుపాకీ మడమ (భుజానికి ఆన్చే వెనక భాగం) చివర దాకా ఉండే పొడవు అమెరికాలో మగవాళ్ల రైఫిళ్లకు సాధారణంగా పదమూడున్నర అంగుళాలు, ఆ పైన ఉంటుంది. అయిదున్నర అడుగుల లోపు ఎత్తున్నవాళ్లలో చాలామందికి అది ఎక్కువ. మడమ చంకలో చిక్కుకుంటుంది, మెడ సాగదీయాల్సి వస్తుంది, స్కోపులో నిండు వలయం దొరకదు. ‘కాంపాక్ట్’ అని అమ్మే 12.5 నుంచి 13 అంగుళాల రకం అడగండి. కొన్నిటిని పిల్లల రైఫిల్ పేరుతో అమ్ముతారు, ఆ పేరుకు సిగ్గుపడవద్దు. ఇంకో మాట: దుకాణంలో టీషర్టు మీద సరిపోయిన తుపాకీ నవంబరులో మందపాటి జాకెట్ మీద అంగుళం పొడవవుతుంది. జాకెట్ తీసుకెళ్లి దాని మీదే భుజానికి ఎత్తి చూడండి. కళ్లు మూసుకుని ఎత్తి, చెంప ఆన్చి, కళ్లు తెరవండి. స్కోపులో బొమ్మ నిండుగా ఉంటే అది మీ తుపాకీ.

కన్ను సంగతి కూడా తేల్చుకోండి. రెండు అరచేతులతో చిన్న కంత చేసి, చేతులు చాచి, దూరంగా ఉన్న తలుపు గొళ్లేన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూసినప్పుడు, ఏ కన్ను తెరిచి ఉంటే గొళ్లెం కంతలో నిలుస్తుందో అదే మీ పెత్తనపు కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను పెత్తనం ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు మొదటి నుంచీ ఎడమ భుజానికి అలవాటు చేసుకోవడం మంచిది, అప్పుడు ఎడమచేతి బోల్టు (ప్రతి తూటాకూ చేత్తో లాగే పిడి) ఉన్న రైఫిల్ కావాలి. కొన్నాక తెలిస్తే ఖర్చు రెండింతలు.

ఇక తూటా. .30-06 తూటా 1906 నుంచి ఉంది, గొప్పదే. కానీ దాని తన్ను .243 వించెస్టర్ తన్నుకు దాదాపు రెండింతలు. కొత్తవాళ్లు పెద్ద తూటాకు భయపడి ట్రిగ్గరు లాగే క్షణంలో కళ్లు మూస్తారు, గురి తప్పుతుంది, జింక గాయంతో పారిపోతుంది. వేటలో దానికన్నా సిగ్గుపడాల్సిన సంగతి లేదు. తెల్లతోక జింకకు 200 గజాల లోపు .243 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ ధారాళంగా చాలు. రేపు ఎల్క్ వేటకు కూడా ఇదే వాడాలనుకుంటే .308 చూడండి. మీరు భయపడకుండా కాల్చగలిగినదే పెద్ద తూటా. రకం ఏదైనా బోల్టు యాక్షన్ తీసుకోండి; సామాన్యమైనవి 400, 500 డాలర్లలో కూడా చక్కగా గురి నిలుపుతాయి. మీద 3-9x40 స్కోపు. మాటులో కూర్చున్నప్పుడు దాన్ని 3 లేదా 4 దగ్గరే ఉంచండి. 9 దగ్గర ఉంచితే ముప్ఫై గజాల్లో నిలబడ్డ జింక బొచ్చు తప్ప ఏమీ కనిపించదు.

తూటాలు రెండు రకాలు తెచ్చి, మొదట 25 గజాల్లో, తర్వాత 100 గజాల్లో గురి కుదుర్చుకోండి. వేటకు వాడబోయే తూటాతోనే చేయాలి. బల్ల మీద ఆన్చి కాల్చడం కుదిరాక కూర్చుని, మోకాలి మీద ఆన్చి సాధన చేయండి, అడవిలో బల్ల ఉండదు. చెవులకు రక్షణ లేకుండా ఒక్క గుండు కూడా వద్దు. రైఫిల్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటితే ఒక్క మోతకే చెవి దెబ్బతినవచ్చు. చిన్న శబ్దాలను పెంచి, పెద్ద మోతను అడ్డుకునే ఎలక్ట్రానిక్ మఫ్‌లు అడవిలో కూడా పెట్టుకోవచ్చు, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు ఇంకా బాగా వినిపిస్తుంది.

రైఫిల్ కొన్న రోజే తాళం పడే పెట్టె కూడా కొనండి. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం. తూటాలు వేరే చోట, తాళంచెవి మీ దగ్గర.

తుపాకీ వద్దనుకునేవాళ్లకు విల్లు మంచి దారి. వీసా చిక్కు చాలావరకు తప్పుతుంది, ఊరి అంచుల్లో కూడా అనుమతించే చోట్లున్నాయి, సీజను ముందే మొదలవుతుంది. చేతులు రెండూ చాచి, వేలి కొస నుంచి వేలి కొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగిస్తే మీ లాగుడు పొడవు సుమారుగా వస్తుంది. 66 అంగుళాలుంటే 26.4. బరువు విషయంలో పౌరుషం వద్దు: కుర్చీలో కూర్చుని, పాదాలు నేల నుంచి ఎత్తి, అల్లెతాడును నేరుగా వెనక్కి లాగగలగాలి. ఆకాశం వైపు ఎత్తి లాగాల్సి వస్తే బరువు తగ్గించండి. చాలా రాష్ట్రాలు జింకకు కనీసం 35, 40 పౌండ్లు అడుగుతాయి, 50 ఉంటే చాలినంత. భుజం నొప్పి ఉన్నవాళ్లు, సాధనకు సమయం లేనివాళ్లు క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గరు నొక్కి బాణం వదిలే విల్లు) చూడవచ్చు. టెక్సస్, పెన్సిల్వేనియాల్లో విల్లు సీజనులో కూడా దాన్ని అనుమతిస్తారు. విల్లుతో మీ హద్దు మీరే పెట్టుకోండి. అయిదు బాణాలూ పళ్లెమంత వలయంలో పడే దూరం ఎంతో, మీ వేట దూరం అంతే.

7. చెట్టు మంచె

జింకల వేటలో తుపాకీ కన్నా ఎక్కువగా మనుషులను దెబ్బతీసేది చెట్టు మీది నుంచి పడటం. ఇరవై అడుగుల ఎత్తులో మంచె కట్టుకుంటారు, నిద్ర తూగుతుంది, లేదా దిగేటప్పుడు మెట్టు జారుతుంది. భుజాలు, నడుము, తొడలు మూడూ చుట్టే హార్నెస్ లేకుండా మంచె కొనకండి. నేల మీద కాలుండగానే తొడిగి, చెట్టుకు కట్టిన లైఫ్‌లైన్ తాడుకు తగిలించుకుని ఎక్కాలి. పైకి చేరాక తగిలించుకోవడం సగం పని. అరువు హార్నెస్ వద్దు. అయిదేళ్లు దాటినదాన్ని పారేయాలి. తుపాకీని గుళ్లు తీసి, తాడుతో పైకి లాక్కోండి. ఎత్తులంటే భయమైతే నేల మీద గుడారపు మాటు తీసుకోండి. పిల్లలను తీసుకెళ్లేవాళ్లకూ అదే మంచిది, లోపల గుసగుసలాడుకోవచ్చు.

8. జింక పడ్డాక

ఈ భాగానికి సామగ్రి ఎవరూ ముందుగా కొనరు. మూడు, నాలుగు అంగుళాల మడవని కత్తి, దాన్ని నూరే చిన్న రాయి, మోచేతి దాకా వచ్చే గ్లోవ్స్, తల దీపం, పదడుగుల తాడు, గాలాడే బట్ట సంచులు. పెద్ద కత్తి వద్దు, పొట్ట లోపల చేయి ఎక్కడుందో తెలియని చీకట్లో అది మీ వేలే కోస్తుంది. టెక్సస్ ఎండలో మాంసం 4 డిగ్రీల సెల్సియస్ కిందికి త్వరగా దిగాలి, కాబట్టి పెద్ద కూలరు, దానికి సరిపడా ఐసు కారులోనే ఉండాలి. కరిగిన నీళ్లలో మాంసం నానకుండా కూలరు కింద బిరడా తీసి వంచి పెట్టండి. విస్కాన్సిన్‌లో ఆ పని చలే చేసిపెడుతుంది. కోయడం రాకపోతే ఊళ్లో మాంసం కోసిపెట్టే ప్రాసెసర్ ఎక్కడున్నాడో ముందురోజే కనుక్కోండి.

జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది. విస్కాన్సిన్‌లో 2002లో, టెక్సస్‌లోనూ పెన్సిల్వేనియాలోనూ 2012లో బయటపడింది. మనిషికి సోకినట్టు ఇంతవరకు తేలలేదు, అయినా జబ్బు ఉందని తేలిన మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఇది వంటతో పోయే రకం కాదు, కుక్కర్ ఎన్ని కూతలు కూసినా ఆ జబ్బు తెచ్చే ప్రయాన్లు (వికృతమైన ప్రొటీన్లు) చావవు. రాష్ట్ర శాఖ పరీక్షా కేంద్రం ఎక్కడుందో తెలుసుకుని నమూనా ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజరులో విడిగా పేరు రాసి ఉంచండి. వెన్నెముకనూ మెదడునూ కోయకండి. చాలా రాష్ట్రాలు ఎముకలతో సహా సరిహద్దు దాటనివ్వవు గనుక ఎముక తీసిన మాంసమే ఇంటికి తెచ్చుకోండి. కొవ్వు లేని మాంసం ఇది, మేకమాంసం కూరలా వేపితే తోలవుతుంది. నూనె ధారాళంగా వేసి సన్నటి మంట మీద చాలాసేపు మగ్గనివ్వాలి.

9. సంచి

నీళ్లు, రెండు పూటల తిండి, ఫోనుకు అదనపు బ్యాటరీ, దిక్సూచి లేదా నెట్‌వర్క్ లేకున్నా పనిచేసేలా దింపుకున్న పటం, రక్తం ఆపే టోర్నికే కట్టు, విజిల్, లైసెన్సు కాగితం. వెళ్లే చోటు, తిరిగి వచ్చే వేళ ఇంట్లో రాసిపెట్టండి. ఇవన్నీ ఏ సంచిలో పట్టినా సరే, కానీ ఆ సంచిని వేటకు తప్ప దేనికీ వాడకండి. ముఖ్యంగా ఇండియా ప్రయాణానికి. అడుగు జేబులో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో ఎక్స్‌రేలో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. అమెరికా లైసెన్సు చూపించినా అక్కడ చెల్లదు, తిరుగు విమానం మీరు లేకుండానే వెళ్లిపోవచ్చు. సీజను ముగిసిన రోజే సంచిని నేల మీద బోర్లించి, జేబులన్నీ లోపలివైపు బయటికి తీసి దులపండి. జాకెట్ జేబులు కూడా.